పోచమ్మక్క చెవి మడత

రా బిడ్డా, ఇటు నీడకు వచ్చి నిలబడు. ఏంది తెచ్చినవ్, ఒకటే చీరెనా? రేపటికే కావాల్నా? ఐతది తియ్యి, మొన్ననే గ్యాసుకు మారిన, ఇస్త్రీపెట్టె మంచిగ కాగుతున్నది. బొగ్గులప్పుడు నిప్పురవ్వ పడి చీరెకు బొక్క పడ్తదేమోనని ఒకటే భయముంటుండె, ఇప్పుడా ఫికర్ లేదు. ఏదీ, ఇటియ్యి. పంచె గుడ్డల చుట్టి తెచ్చినవ్, మంచి పని జేసినవ్, పట్టుకు గాలాడాలె... ఆగు. జర ఆగు, చెయ్యి పెట్టకు. దీన్ని ఎవరు మడత పెట్టిండ్రు? నువ్వు కాదా? మరి ఏడ దొరికింది నీకు? ఓహో, కొత్త అల్మారీలు పెట్టిస్తున్నరని బీరువల మీది అర ఖాళీ చేస్తుంటే, మీ మామయ్య పాత పంచెల నడుమ దొరికింది. ఏ ఫ్లాటు బిడ్డా మీది? బీ బ్లాకు, ఏడో అంతస్తు. అంటే భీమేశ్వరరావు సారు కోడలివా నువ్వు, బాలు బాబు భార్యవు. పేరేంది? కిరణ్మయి. కూసో కిరణ్మయమ్మా, ఆ స్టూలు మీద కూసో. ఈ చీరెను ఇప్పుడు నేను విప్ప. నిన్ను గూడ విప్పనియ్య. ఎందుకంటవా, విను, చెప్త.

మీ గేటు కాడ సెక్యూరిటోళ్ళ అర్ర ఉంది గద. అండ్ల గోడకు ఒక ముసలామె ఫోటో అతికిచ్చి ఉంటది, కింద ఎర్ర అక్షరాలతోని 'లోపలికి అనుమతి లేదు' అని రాసి ఉంటది. నువ్వు కార్ల సర్రున పోతవ్, నీకెట్ల కనపడ్తది. నాకు కనపడ్తది. ఈ బండి కాడ నిలబడి తలకాయ ఎత్తితె సక్కగ అదే కనపడ్తది. పదకొండేండ్ల సంది కనపడ్తున్నది. అప్పట్ల దాని పక్కకు ఇంకో ముగ్గురి ఫోటోలుండె. తాగొచ్చి గొడవ జేసిన డ్రైవరు ఒకడు, ఇంకెవరో ఇద్దరు. వాళ్ళవన్నీ తీసేసిండ్రు. ఆ గోడకు రెండుసార్లు రంగేసిండ్రు బిడ్డా, ఆ ఫోటో సుట్టూ ఏసిండ్రు గాని ఫోటో తియ్యలే. సెక్యూరిటీ కంపెనీ మూడుసార్లు మారింది. ఇప్పుడున్న ఆంజనేయులునడుగు, ఆమె ఎవరో ఆయనకు తెల్వనే తెల్వదు. మొన్న నేనే అడిగిన, ఎవరయ్యా ఆమె అని. 'ఏమో కాకా, ఏదో దొంగతనం కేసంట' అన్నడు. చాయ్ తాగుకుంట అన్నడు. ఆమె మా అక్క. నాకంటే నాలుగేండ్లు పెద్దది, పోచమ్మ. సచ్చిపోయి తొమ్మిదేండ్లాయె. సచ్చినామె గేటు దాటి వస్తదని కాపల గాస్తున్నరు మీవోళ్ళు.

మాది ఈ నానక్‌రామ్‌గూడనే, కిరాయికి వచ్చినోళ్ళం కాదు. ఈ అద్దాల బిల్డింగులు లేనప్పటి సంది బట్టలుతికినోళ్ళం, చాకలోళ్ళం. ఉతుకుడు నాది, మడత అక్కది. ఇస్త్రీ ఎవడన్న చేస్తడు, మడతనే అసలు పని అనేది. వేడి మీదున్న అంగీ మడత పెట్టనిచ్చేది కాదు. 'చల్లారనియ్యిరా సాయిలూ, వేడి మీద మడిస్తే మల్ల ముడతలు పడ్తయ్' అనేది. లోపటి బట్టలు ఎప్పుడు గూడ టవల్ల సుట్టి మూటల పెట్టేది. ఎందుకంటవా, మూట తీస్కపోతుంటే లిఫ్టుల నలుగురు చూస్తరు, ఆడోళ్ళ బట్టలు బయటికి కనపడొద్దని. పిల్లల బడి డ్రెస్సు అంగీ, లాగు, సాక్సులు ఒక్క తాన జత పెట్టేది, పొద్దుగాల తల్లి ఎతుక్కునుడు ఉండొద్దని. ఉతికిన బట్ట ఎప్పుడు దొంతి కిందనే పెట్టాలె. మీద పెడితే రోజు ఆ రెండు అంగీలే తొడుగుతరు, అవే చినుగుతయ్, కిందియి అట్లనే ఉంటయ్. ఈ ముచ్చట ఎంత మంది ఇంజనీర్లకు చెప్పిన్నో. నవ్వుతరు. ఇప్పుడు మీ బ్లాకుల ఒక పిల్లగాడున్నడు, ఫోన్ల చూసి నేర్సుకున్నడంట, అంగీలను మిర్చి బజ్జీల లెక్క సుట్టి నిలబెడ్తడు. ఇస్త్రీ చేసిన అంగీని సుట్టి నిలబెట్టుడేంది బిడ్డా? మరి నాతోని ఇస్త్రీ ఎందుకు జేయించినట్టు? అడిగితే 'స్పేస్ సేవ్ అవుతుంది తాతా' అంటడు. మూడు అల్మారీలున్నయ్ ఆ ఇంట్ల, ఉండేది ఒక్కడు. సరే తియ్యి, వాని ముచ్చట మనకెందుకు.

మీ అత్తమ్మ వీరలక్ష్మమ్మ కొత్తల వచ్చినప్పుడు అక్క అంటే శానా నమ్మకం. నెలకు రెండుసార్లు ఇంట్లకు పిలిచి అల్మారీ మొత్తం సదిరించేది. 'పోచమ్మా, నీ చెయ్యి పడితేనే నా బీరువాకి కళ వస్తుందే' అనేది. ఉన్న ముచ్చట ఎందుకు దాయాలె, ఆ తల్లి మంచి మాటనే అన్నది అప్పుడు. పట్టుచీరెలకు అక్క పద్ధతి వేరే ఉండె. చీరెను తిరగేసి, జరీ లోపటికి పోయేటట్టు మడతపెట్టేది. జరీకి గాలి తగిలితె నల్లబడ్తది, ఒకదానికొకటి రాసుకుంటె పోగు లేస్తది. బయటికి చూస్తె అది పట్టుచీరె అనిపియ్యదు, ఏదో అస్తరు గుడ్డ లెక్క కనపడ్తది. ఇగ దాన్ని మెత్తబడిన పాత పంచెల సుట్టేది. ఆఖర్న కొంగు కొనను ఇగో గిట్ల, కుందేలు చెవి లెక్క మూలకు మడిచి పైకి పెట్టేది. చూసినవా? ఈ చెవి పట్టుకొని ఇగ్గితె చీరె మొత్తం ఒక్క తీరుగ విచ్చుకుంటది. ఒక్కసారి విప్పితె ఈ చెవి పోతది, మల్ల అక్కనే పెట్టాలె. నాకు రాదు. నాకేంది, ఈ బస్తీల ఎవ్వలకు రాదు. రెండు నెలలకోసారి ఆ మడతలు విప్పి వేరే తాన మడవాలనేది. ఒకటే మడత మీద ఏండ్లకేండ్లు ఉంచితె పట్టు ఆ గీత మీదనే చిట్లుతదని. బీరువ నిండ పట్టుచీరెలే, అందుకే నెలకు రెండుసార్లు పోయేది, ఊకెనే పోలేదు.

ఇగ పదకొండేండ్ల కింద శ్రావణమాసంల మీ అత్తమ్మకు ఏదో పెండ్లి ఉండె. నెమలికంఠం రంగు చీరె, పెద్ద జరీ అంచుది, వాళ్ళమ్మ పెట్టిందంట. అల్మారీల ఎతికింది. జరీ ఏడ మెరుస్తదా అని ఎతికింది, మెరిసేది ఏది లేదు. ఇంటర్‌కం కొట్టింది. అక్క గేటు కాడ బట్టల మూట దించుతున్నది, సెక్యూరిటీ వాడు ఫోను చేతికిచ్చిండు. 'పోచమ్మా, నా నెమలికంఠం చీర ఏదే? కిందటి నెల నీ చేతికే కదా ఇచ్చింది.' అక్క అన్నది, 'ఉందమ్మా, మంచిగ మడిచి సారు పంచెలల్ల పెట్టిన, మీ చీరెల అర నిండిపోయె గద, పంచెల దొంతి కింద చూడు.' మీ అత్తమ్మ ఏమన్నదో తెలుసా? 'పట్టుచీర పంచెల్లో ఎందుకుంటుందే, అబద్ధమైనా అతికినట్టు చెప్పు' అన్నది. అన్నదా లేదా అడుగు, నేను పక్కకే ఉన్న. అక్క బతిమాలింది. 'అమ్మా, జర నన్ను పైకి రానియ్యి, ఒక్క నిమిషంల తీసి నీ చేతుల పెడ్త' అన్నది. రానియ్యలే. అసోసియేషన్ సెక్రటరీ రామబ్రహ్మం సారు దిగిండు. 'చూడండి, ఎంక్వైరీ అయ్యేదాకా ఎవరినీ పైకి పంపడం కుదరదండి, రూలంటే రూలే' అన్నడు. ఏం ఎంక్వైరీ? ఎవలు జేసిండ్రు? ఏడుసార్లు పోయిన నేను ఆ ఆఫీసుకు. పంచెలల్ల చూడమను సారూ, ఒక్కసారి చూడమను అన్న. 'చూశారటండి, లేదట' అన్నడు. వాళ్ళు చూసినప్పుడు పంచె కనపడ్డది, పంచె లోపట అస్తరు గుడ్డ కనపడ్డది, పక్కకు పెట్టిండ్రు. చేతుల వట్టుకున్నరు బిడ్డా, చేతుల వట్టుకొని లేదన్నరు. ఈ చెవి ఇగ్గినోడు ఒక్కడు లేడు.

మూడో రోజు పొద్దుగాల మూట తీస్కొని పోతే గోడకు ఫోటో ఉంది. ఆ ఫోటో ముచ్చట గూడ చెప్పాలె నీకు. ఆధారు కార్డుకు తప్ప అక్క ఎన్నడు ఫోటో దిగలే. పెండ్లిల్లల్ల ఫోటో తీసేటోడు వస్తే కొంగు మొఖానికి అడ్డం పెట్టుకొని వంటల దిక్కు పోయేది. గేటు పాసుకు ఫోటో ఉండాలె అని మీవోళ్ళు జబర్దస్తి జేస్తెనే దిగింది. ఆ రోజు తలకు నూనె రాసుకొని, నున్నగ దువ్వుకొని, ఇస్త్రీ చీరె కట్టుకొని పోయింది. నన్ను గూడ తోల్కపోయింది, సిగ్గయితదని. కెమెరా పిల్లగాడు ఏమన్నడో ఏమో, జరంత నవ్వింది. మంచిగ పడ్డది ఫోటో. అదే ఫోటో పెద్దగ జేయించి, ప్లాస్టిక్ ఏయించి, గోడకు అతికిచ్చి, కింద ఎర్ర అక్షరాలు రాసిండ్రు. మనిషి నవ్వుతుంటది, కింద గా మాట ఉంటది. దాన్ని చూసినంక అక్క ఈ రోడ్డు దిక్కే రాలే. పక్క గేటోళ్ళు గూడ పని మానిపిచ్చిండ్రు, దాని పక్కోళ్ళు మానిపిచ్చిండ్రు. ఇంట్ల కూసొని మా బట్టలే విప్పుడు, మడుచుడు, విప్పుడు, మడుచుడు. 'సాయిలూ, పంచెలల్లనే ఉందిరా' అనేది. అన్నం తినుకుంట అనేది. దవాఖానల మంచం మీద గూడ అన్నది. రెండేండ్లకు పోయింది. దినాల నాడు దండ ఏద్దామంటే ఫోటో ఏది? ఆధారు కార్డు ఫోటోనే పెద్దగ జిరాక్సు తీయించి పెట్టినం, అండ్ల మొఖం లేదు, నల్లగ మచ్చ ఉన్నది. దానికే దండేసినం. కోపం రాదా బిడ్డా? నాకు వస్తది. ఇస్త్రీ గిరాకీ కోసం అందరికి సలాం కొడ్త గాని, తలకాయ ఎత్తినప్పుడల్ల వస్తది.

ఇప్పుడు నువ్వు దీన్ని తెచ్చి నా ముంగట పెట్టినవ్. పంచె ఉంది, జరీ లోపటికుంది, చెవి ఎట్ల పెట్టింది అట్లనే ఉంది. పదకొండేండ్ల సంది ఎవ్వలు ఇగ్గలే. నువ్వు ఇది రేపు కట్టుకుందామనుకున్నవ్, పాపం నీ తప్పేముంది. కట్టుకునేటట్టు లేదు తల్లీ. ఇగో ఈ అంచు కాడ వేలు పెట్టి చూడు, మెల్లగ. చూసినవా, పోగు విడుస్తున్నది. విప్పితె మడత మడత కాడ చిట్లుతది. అక్కను రెండు నెలలకోసారి రానిస్తె ఇది మీ బిడ్డకు గూడ వచ్చేది. మీ అత్తమ్మ వాళ్ళమ్మ పెట్టిన చీరె. పోగొట్టింది మా అక్క కాదు. ఏందీ? బదులు చీరెలిస్తనంటవా? నాకు చీరెలు వద్దు బిడ్డా, ఇంకేం గూడ వద్దు. తప్పయిందని నువ్వెందుకంటవ్, నువ్వప్పుడు ఏడనో బడికి పోతున్నవ్. నాకు కావాల్సింది ఒక్కటే. ఆ ఎర్ర అక్షరాలు ఆ గోడ మీద ఉండొద్దు.

ఎవరికి ఫోను? మీ అత్తమ్మకా? చెయ్యి. కిందికి దిగుమను, వచ్చి ఆమెనే ఈ చెవి ఇగ్గుమను, నేను చూస్త. చెప్పినవా, పంచెలల్ల దొరికిందని? ఏమన్నది? ఫోను పెట్టేసిందా? సరే. రాకుంటె రాదు. పదకొండేండ్లు రానామె ఇప్పుడు వస్తదా. నువ్వీ చీరె గట్లనే చుట్టి తీస్కపో, రామబ్రహ్మం సారు ఇంటికి పోయి ఆయన ముంగట పెట్టు, రూలేమంటదో అడుగు... అగో. ఆ వచ్చేది మీ అత్తమ్మ కాదా? చెప్పులు గూడ ఏసుకోలే. మన దిక్కు వస్తలేదేంది. సెక్యూరిటోళ్ళ అర్ర దిక్కు పోతున్నది. ఆంజనేయులు లేచి నిలబడ్డడు. గోడ కాడ నిలబడ్డది. చెయ్యేసింది బిడ్డా, ఫోటో మీద చెయ్యేసింది, గోళ్ళు పెట్టి పీకుతున్నది. ఉరుకు, నువ్వు ఉరుకు, నా కాళ్ళు రావు. గిట్ల పీకొద్దను. ఇగో, బట్టల మీద చల్లే ఈ నీళ్ళ సీసా తీస్కపో, ఎనక దిక్కు జర తడిపి, నానినంక ఒక మూల నుంచి మెల్లగ తియ్యమను. చింపకుమను. అక్కది ఇంకో ఫోటో లేదు మాకాడ.