మార్తమ్మకి ఎడంగా ఎందుకు కూర్చున్నానంటే

“మామ్మా, మా ఆసుపత్రికొచ్చే ఆడవాళ్ళు జ్వరమనీ నడుంనొప్పనీ అన్నీ చెప్పి, అసలు సంగతి మాత్రం లేచి చెప్పులేసుకునేటప్పుడు చెబుతారు. మీ రోజుల్లోనూ ఇంతేనా?”

ఒట్టు షమీమా, ఈ అన్నం పళ్ళెం మీద ఒట్టు, ఇప్పుడు చెప్పేదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. నవ్వుతావేం? మొన్న నువ్వు అద్దెకి దిగిన రోజు మన దొడ్లో పాముకి మూడు తలలన్నాననా? రెండే. సరే, ఒకటి. ఇది అట్టాంటిది కాదు.

మా రోజుల్లో కాళ్ళకి చెప్పులే లేవు కదే, ఇంకెప్పుడు చెబుతాం!

మిరపకోతలకి నేనూ మార్తమ్మా జోడెడ్లం. వాళ్ళ ఇల్లు చర్చి పక్క పేటలో, మాది రామాలయం వీధి. మధ్యాహ్నం గట్టు మీద మోకాలికి మోకాలు తగిలేట్టు కూర్చునేవాళ్ళం. నా గోంగూర ఆవిడ గిన్నెలోకి, ఆవిడ ఎండుచేపల పులుసు నా గిన్నెలోకి. చెరో బస్తా బియ్యం తినేవాళ్ళం... సర్లే, చెరో నాలుగు ముద్దలు.

ఓ ఏడు నాకు తెల్లబట్ట మొదలైంది. పల్చగా నీళ్ళలాగా. వాసనంటావా, ఎండుచేపలే నయం. వేడి చేసిందన్నారు. సబ్జా నీళ్ళు తాగా, మజ్జిగ తాగా. తర్వాత మురికేమోనని కడగడం మొదలెట్టా. సబ్బు, వేపాకు నీళ్ళు, ఆఖరికి పుండ్లు కడిగే మందు కూడా, లోపలిదాకా. రోజుకి నలభైసార్లు. ఆ ఏడు మున్నేరు ఎండలకి ఎండిందనుకున్నారు గానీ, నా వల్లేనే! కడిగేకొద్దీ ఎక్కువైంది.

ఇక గాలి ఎటు వీస్తోందో చూసుకుని, అందరికీ ఎడంగా కూర్చుని తినేదాన్ని. నాలుగోరోజు మార్తమ్మ గిన్నె పట్టుకుని నా దగ్గరికొచ్చింది. నేను లేచి ఇంకాస్త అవతలికి పోయా. అక్కడే నిలబడిపోయింది.

“ఏం వదినా, ఇన్నేళ్ళకి కులం గుర్తొచ్చిందా?” అంది.

కాకిని నెమలి చేసి చెప్పే నోరు నాది. ఆ పూట ఒక్క నిజం బయటికి రాలా. నా దగ్గర వాసనొస్తోందని చెప్పడం కంటే కులమనే అనుకోనీ అని ఊరుకున్నా. అంత పాపిష్టిదాన్ని. మర్నాడు ఆవిడ వేరే ముఠాతో కోతకి పోయింది.

ఆ కోతలన్నీ అయ్యాక నందిగామలో లేడీ డాక్టరుకి చూపించుకున్నా. దూదిపుల్లతో కాస్త తీసి, మందుచుక్క వేసి, భూతద్దం మిషన్లో చూసింది. “ఇది మురికి కాదమ్మా. లోపల మేలు చేసే క్రిములుంటాయి. అవి తగ్గితే చెడ్డవి పెరుగుతాయి. నువ్వు కడిగి కడిగి ఉన్న మంచివాటినీ పారబోశావు” అంది. పెరుగు తరకల్లాగా వచ్చి దురద పెడితే అది బూజు లాంటిదట, షుగరున్నోళ్ళకి ఎక్కువట, దాని మందు వేరట. పచ్చగా నురగొస్తే మొగుడు కూడా మందు మింగాలట. ఏదో తెలుసుకోకుండా ఏదో ఒకటి మింగకూడదట. నీకు తెలియందేముందిలే. నాకు ఏడు రోజులు బిళ్ళలిచ్చింది, నోట్లో రాగిచెంబు పెట్టుకున్నట్టు ఒకటే చేదు. ఏడే, పెంచి చెప్పట్లా. తగ్గిపోయింది. పక్కన కూర్చుంటే ఎవరికీ అంటుకునేది కాదటే అది!

వాసన పోయింది. పక్కన కూర్చోడానికి మనిషి లేదు. ఇదుగో, ఇప్పటికీ ఈ గోడకి ఎదురుగానే తింటున్నా. గోడ ఏమీ అడగదు. కూర కూడా మార్చుకోదు.

మార్తమ్మ ఇప్పుడు మీ ఆసుపత్రున్న నందిగామలోనే, కూతురింట్లో ఉంటోందట. నేనే పోయి చెబుదును గానీ, ఇదీ మూడు తలల పామే అనుకుంటుంది. నువ్వు రోజూ ఈ రోగాలు చూసేదానివి, నీ మాట నమ్ముద్ది.

ఈ గిన్నె పట్టుకుపో. గోంగూరే. డ్యూటీ దిగాక ఇచ్చి, ఇప్పుడు నేను చెప్పింది చెప్పు. పెంచకు, తగ్గించకు. గిన్నె వెంటనే అడక్కు, అక్కడే వదిలేసిరా. ఒట్టి గిన్నె తిరిగి పంపే మనిషి కాదు ఆవిడ... అప్పట్లోనైతే కాదు. అదుగో బస్సు, పో తల్లీ, మూత జాగ్రత్త.