జవాబు చెప్పేదాకా

ఆదివారం పొద్దున్న. గోడకి నల్లబల్ల తగిలించిన చిన్న గది. పిల్లలు కూర్చునే పొట్టి కుర్చీలో ముప్ఫై దాటిన టైలరు ఇరుక్కుని కూర్చున్నాడు. ఎదురుగా చాక్‌పీసు పట్టుకుని అతని భార్య.

"కాళ్ళు ఊపకూడదు కన్నా."

"ఊపట్లేదు టీచరమ్మా, పట్టట్లేదు. ఈ కుర్చీ పుట్టబోయేవాడికి కొన్నది, నాక్కాదు."

"మళ్ళీ మీలా మాట్లాడుతున్నారు. ఆరేళ్ళ పిల్లాడిలా ఉండమన్నానా లేదా?"

"ఆరేళ్ళ పిల్లాడికి మీసాలుంటాయా?"

"ఏమండీ! వేళాకోళం చాలు. పిల్లల్ని బడికి పంపం, ఇంట్లోనే చదివిద్దాం అంటే సరేనన్నారు. చెప్పడం నాకు వచ్చాకే పిల్లలు అంటే దానికీ సరేనన్నారు. ఇప్పుడు ఎగతాళా?"

"ఎగతాళి కాదే. మా అక్క ఫోన్ చేసి, ఏరా, విశేషమేమైనా ఉందా అంది. ఉందక్కా, ఒకటో తరగతిలో చేరాను అన్నాను. అక్క టక్కున ఫోన్ పెట్టేసింది."

"చెప్పేశారా! నా పరువు తీశారు."

"మరేం చెప్పను? కుట్టాల్సిన బట్టలు అక్కడ గుట్టపడున్నాయి. నేనిక్కడ అ ఆలు దిద్దుతున్నాను. ఇంకెన్నాళ్ళే?"

"ఇవాళే ఆఖరు. ఇవాళ బాగా జరిగితే మీరు అడుగుతున్నదానికి ఒప్పుకుంటాను."

"నిజంగా? ఒట్టు?"

"ఒట్టు. కానీ అచ్చం పిల్లాడిలా ఉండాలి. రోజూ అన్నీ టకటకా చెప్పేస్తుంటే నాకేం తెలుస్తుంది?"

"అంటే, తప్పు చెప్పమంటావా?"

"చెప్పండి. మొండికేయండి. నేనేం చేస్తానో చూద్దాం."

"కాచుకో మరి. టీచర్, నీళ్ళు!"

"ఇప్పుడే తాగావు కదమ్మా. బోర్డు చూడు. చొక్కాలకి పదమూడు గుండీలున్నాయి. అయిదు ఊడిపోయాయి. ఎన్ని మిగిలాయి?"

"ఊడితే మా నాన్న మళ్ళీ కుడతాడు."

"గడుసువాడివే. లెక్క చెప్పు."

"ఏడు."

"ఇంకోసారి ఆలోచించు."

"ఏడు!"

"వేళ్ళ మీద చూసుకో. తొందరేం లేదు."

"ఏడు, ఏడు, ఏడు! నాకు ఆకలేస్తోంది. నేను చెప్పను పో."

"..."

"టీచర్? ఏడండీ."

"అయ్యో, ఈ కుర్చీ ఇక్కడే ఉండిపోయిందేం? దారికి అడ్డంగా."

"అడ్డమేంటి, నేను కూర్చున్నాను కదా. ఏయ్, లాగకు, పడతాను!"

"ఎవరూ కూర్చోని కుర్చీ. లోపల పెట్టేస్తే సరి."

"ఏంటే ఇది, కొత్త పాఠమా? ఇటు చూడు. నా మొహం ఇక్కడుంది, ఇక్కడ."

"ఇల్లంతా ఎంత నిశ్శబ్దంగా ఉందో. పిల్లలు లేని ఇల్లు ఇంతే."

"ఆపు, చాలు. నేను ఓడిపోయాను, సరేనా? ఏమే... చెయ్యి పట్టుకున్నా చూడవేం? వేళ్ళు ఇంత చల్లగా ఉన్నాయేంటి? వినపడుతోందా? నిన్నే! వినపడుతోందా? ...ఎనిమిది! ఎనిమిది గుండీలే తల్లీ, ఎనిమిది!"

"అరె, వచ్చావా నాన్నా! ఎక్కడికెళ్ళిపోయావు ఇంతసేపూ? రా, రా, నా బంగారుకొండ! ఏంటండీ, అంత చెమట పట్టింది?"

"నువ్వేం చేశావో నీకు తెలుసా?"

"ఏం చేశాను? కొట్టలేదు, తిట్టలేదు, గొంతు కూడా పెంచలేదు. ఎంత బాగా వచ్చిందో! ఇక నాకు భయం లేదు. మీరే గెలిచారు, పిల్లల్ని కందాం."

"ఉండు. ఉండు కాసేపు."

"ఉండడమేంటి? ఇన్నాళ్ళూ నా ప్రాణం తోడేశారు కదా?"

"నేను గదిలో లేనట్టు చూశావే. నా వెనకున్న గోడని చూశావు."

"ఓ, అదా! అది నాన్న పద్ధతి. నన్ను ఇంట్లోనే చదివించారు కదా, ఎప్పుడూ ఒక్క దెబ్బ వెయ్యలేదు. జవాబు చెప్పేదాకా నేను కనపడను, అంతే. చెప్పగానే, వచ్చావా తల్లీ అని ఎత్తుకునేవారు. ఆ ఎత్తుకోవడం కోసం ఎంత చదివేదాన్నో!"

"మరి మీ అమ్మ?"

"అమ్మకీ కనపడేదాన్ని కాదు. కంచాలు రెండే పెట్టేది. లేని పిల్లకి కంచమెందుకు?"

"అన్నం పెట్టేది కాదా?"

"చెప్తే పెట్టేది కదండీ. మీరలా అంటుంటే అదేదో ఘోరంలా ఉంది."

"ఘోరమే! గట్టిగా రెండు నిమిషాలు కాలేదు. ఉన్నానా లేనా అని నన్ను నేనే తడుముకున్నాను."

"తడుముకుంటే లాభం లేదు. గిల్లుకోవాలి. నొప్పి పుడితే ఉన్నట్టు."

"ఏంటీ?"

"ఏం లేదు."

"ఏం లేదనకు. ఇలా కూర్చో. భయం వెయ్యలేదూ నీకు?"

"...వేసేది. చచ్చేంత భయం వేసేది. అద్దంలో కూడా లేనేమోనని అద్దం వైపు వెళ్ళేదాన్ని కాదు. అయితే ఏం? చదువొచ్చింది కదా! ఎప్పుడూ ఫస్టే కదా!"

"నీకు వచ్చింది కాబట్టి సరిపోయింది. ఎంత చెప్పినా బుర్రకెక్కనివాడు మన కడుపున పుడితే? వాణ్ణేం చేస్తావు?"

"రాకపోవడమంటూ ఉండదు."

"ఉంటుందే. నేను లేనూ? పదో తరగతి తప్పాకే కదా మిషనెక్కాను. నీకూ ఇంట్లో అన్నో తమ్ముడో ఉంటే తెలిసేది. ఒక్కదానివే పెరిగావు, అందుకే ఇలా..."

"ఒక్కదాన్నే పెరగలేదు."

"అదేంటి? పెళ్ళిచూపుల్లో మీ నాన్న, మాకు ఒక్కతే సంతానం అన్నారు కదా?"

"మొన్న మా పెద్దమ్మ కొడుకు వచ్చాడు కదా. లారీ నడిపే అబ్బాయి."

"వచ్చాడు. గంటసేపు కూర్చున్నాడు. అక్కా, అక్కా అని ఎన్నిసార్లు పిలిచాడో! నువ్వు పలకనే లేదు. నాకే సిగ్గేసి, ఏదో ఒకటి మాట్లాడి పంపించాను. అతనికేమైంది?"

"వాడు పెద్దమ్మ కొడుకు కాదు. మా అమ్మ కొడుకే. నా తమ్ముడు."

"తమ్ముడా? మరి పెద్దమ్మ ఇంట్లో ఎందుకు పెరిగాడు?"

"నాన్న ఏదడిగినా వాడికి వచ్చేది కాదు. ఒక్కటీ వచ్చేది కాదండీ. వాడు అలాగే, కనపడకుండానే ఉండిపోయాడు. చివరికి పెద్దమ్మ వచ్చి, ఏడ్చుకుంటూ చంకనేసుకుని తీసుకెళ్ళిపోయింది."

"దేవుడా! నాకెందుకు చెప్పలేదే? సరే, నాకు చెప్పకపోతే పోయె, ఇంటికొచ్చిన తమ్ముడితో ఒక్క మాటైనా మాట్లాడవా? అంత పంతమా?"

"పంతం కాదండీ. మీరు చివర్లో కాఫీ తెచ్చి హాల్లో కుర్చీ ముందు పెట్టారు కదా... అప్పటిదాకా అక్కడ ఎవరో ఉన్నారని నాకు తెలియనే లేదు."