అమ్మను ఇంటికి తీసుకెళ్లిన రోజు

స్పెయిన్‌లో ఎక్కడ చూసినా పనులు పోతున్న రోజులవి. వృద్ధాశ్రమంలో కిటికీ పక్కన పేకముక్కలు పంచుతున్న తల్లి ముందు ఫెర్మిన్ నిలబడ్డాడు.

“సర్దుకో అమ్మా, ఇంటికి పోదాం.”

“ఇవాళ పండగేం లేదే?”

“పండక్కి కాదు. ఇక అక్కడే ఉందువుగాని.”

“నన్నిక్కడ చేర్చి నాలుగేళ్లయింది. ఇప్పుడు గుర్తొచ్చానా?”

“పిల్లలు నీ మీద బెంగ పెట్టుకున్నారు.”

“అబద్ధమాడితే నీ చెవులెర్రబడతాయిరా. నువ్వు పనిచేసే టైల్స్ ఫ్యాక్టరీ మళ్లీ తెరవలేదా?”

“ఇంక తెరవరు. యంత్రాలు కూడా అమ్మేశారు.”

“మరి కోడలి ఉద్యోగం?”

“బళ్లో వంటవాళ్లని తీసేశారు. సర్కారు ఖర్చు తగ్గించుకుంటోందట.”

“అయితే ఇక మీకు దిక్కు ఈ ఆశ్రమానికి కడుతున్న నా పింఛనే.”

ఆ మాట ఎలా ఎత్తాలా అని అతను బస్సులో వచ్చినంతసేపూ మథనపడ్డాడు. ఎత్తకుండానే ఆవిడ అనేసరికి మరింత సిగ్గేసింది.

“నీకిక్కడే బాగుంటే వద్దులే అమ్మా. స్నేహితులున్నారు, వేళకి మందులిస్తారు...”

“నోర్ముయ్. పిల్లలేం తింటున్నారు?”

“చర్చివాళ్లిచ్చిన శనగలు.”

“నా మంచమెక్కడ వేస్తావు?”

“మా గదిలో. మేం హాల్లో పడుకుంటాం.”

“అక్కర్లేదు. చిన్నదాని పక్కన వెయ్యి. గురక పెడతానని దానికి ముందే చెప్పు.”

ఆవిడ చేతికర్ర ఊతంతో లేచి, హాల్లో అందరికీ వినబడేలా గొంతు పెంచింది.

“చూశారా! నేను లేకపోతే వీడికి ఇల్లు ఇల్లులా లేదట. తీసుకెళ్తేగాని కదలనంటున్నాడు!”

అతని మోచెయ్యి పట్టుకుని మెల్లగా అంది.

“పదరా. తల దించుకోకు. వీళ్లంతా నన్ను చూసి కుళ్లుకోవాలి.”