పొయ్యడం మర్చిపోయిన యాంటీబాడీ

అధ్యక్ష స్థానంలో ఉన్న డైరెక్టరమ్మ గారికి, ముందు వరసలో కూర్చుని అప్పుడే రెండుసార్లు వాచీ చూసుకున్న మా పెద్ద సారుకి, నాతోపాటు ముప్పై ఒక్క ఏళ్ళు ఒకే సింకులో గాజు సామాను కడిగిన మిత్రులకి, ఈ కోటు బిగుతైందని పొద్దున్నించీ చెబుతూనే ఉన్న మా ఆవిడకి, అందరికీ నమస్కారం.

నేను ఇవాళ రిటైరవుతున్న ల్యాబ్ టెక్నీషియన్ని, ఉపన్యాసాలు నాకు చేతకావు. కానీ ఇందాక డైరెక్టరమ్మ గారు నన్ను ఆకాశానికెత్తేశారు. ఈ జ్ఞాపిక మీద ఏం చెక్కించారో చూడండి, 'దూరదృష్టికి కృతజ్ఞతలతో' అట. అది చదివిన దగ్గర్నుంచీ ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. అందుకని రాసుకొచ్చిన కాగితం జేబులో పెట్టేసి, తొమ్మిదేళ్ళుగా కడుపులో దాచుకున్న మాట ఒకటి చెప్పేసి వెళ్తాను.

ఇంట్లోవాళ్ళు కూడా వచ్చారు కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. కండరం పెరిగేటప్పుడు చిన్న చిన్న కణాలు ఒకదానికొకటి ఆనుకుని, రెండు సబ్బు బుడగలు తాకి ఒకటైనట్టు కలిసిపోతాయి. ఆ పొరల్ని కలిపే ప్రోటీన్ ఒకటుంది, పెళ్ళిళ్ళ పేరయ్య అనుకోండి. అది కంటికి కనపడదు. మొదటి యాంటీబాడీ పోస్తే వెళ్ళి దాన్ని పట్టుకుంటుంది, తర్వాత పోసే రెండోది వెళ్ళి మొదటిదాన్ని పట్టుకుని వెలుగుతుంది, ఫిల్ము మీద నల్లటి గీత పడుతుంది. మొదటిది పొయ్యకపోతే రెండోదానికి పట్టు దొరకదు, గీత రాకూడదు. అంతే సైన్సు. పెద్ద సారు తల అడ్డంగా ఊపుతున్నారు. పోనీ, సగం సైన్సు. (నవ్వులు)

తొమ్మిదేళ్ళ కిందట ఈ డైరెక్టరమ్మ ఇక్కడే పరిశోధన విద్యార్థిని. నన్ను 'బాబాయ్' అనేది. ఇప్పటికీ అదే పిలుపు, ఈ 'గారు'లన్నీ మైకు కోసం. సోమవారం థీసిస్ ఇచ్చెయ్యాలి, శుక్రవారం ఆఖరి ఫిల్ము నేను తీశాను. గీత కాటుక దిద్దినట్టు వచ్చింది. ఆ పిల్ల ఎగిరి గంతేసి, పెద్ద సారుకి చెప్పడానికి పరిగెత్తింది. నేను బల్ల తుడుద్దామని ఐసు డబ్బా ఎత్తాను. అందులో మొదటి యాంటీబాడీ గొట్టం, మూతైనా తియ్యకుండా, నిండుగా ఉంది.

అంటే నేను పొయ్యనే లేదు. పొయ్యకుండానే గీత వచ్చింది.

భయమేసింది. థీసిస్ గురించి అనుకునేరు, కాదు. మా నాన్నకి సరిగ్గా నా అప్పటి వయసులోనే మరుపు మొదలైంది. ముందు స్టవ్ ఆపడం మర్చిపోయాడు, తర్వాత ఇంటి దారి. ఆఖర్లో ఒకరోజు నన్నే 'ఎవరు బాబూ నువ్వు?' అనడిగాడు. నాకూ మొదలైందనుకున్నాను.

మంచినీళ్ళు ఇటివ్వండి.

గొట్టం జేబులో వేసుకుని ఊరుకుందామన్న బుద్ధి పుట్టలేదని చెప్పను, పుట్టింది. ఇంతలో ఈ పిల్ల వెనక్కొచ్చి, "ఏంటి బాబాయ్, ఆ గొట్టం వంక అలా చూస్తున్నావ్?" అంది. "ఇది పొయ్యలేదమ్మా, అయినా గీత వచ్చింది. కావాలనే మానేశాను, ఏమవుతుందో చూద్దామని," అన్నాను. మొదటి ముక్క నిజం. రెండోది పచ్చి అబద్ధం.

ఆ పిల్ల అక్కడే కూలబడి ఏడ్చింది. తీరా చూస్తే మా మొదటి యాంటీబాడీ పనే చెయ్యట్లేదు. అంతకు ఏడాది ముందు తెచ్చిన రెండోదాని కొత్త సీసా ఇంకేదో ప్రోటీన్‌కి అంటుకుని మాకు దొంగ గీత చూపిస్తోంది. పాత సీసాని పరీక్షించాం కదా అని కొత్తదాన్ని ఎవరూ పరీక్షించలేదు. థీసిస్ ఆగిపోయింది. పెద్ద సారు నా భుజం తట్టి, "నీలాంటివాడు ఒక్కడుంటే చాలయ్యా," అన్నారు. తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు. ఏడు నెలలకి వేరే యాంటీబాడీతో అసలు గీత దొరికింది, కాస్త కిందగా, సన్నగా, కణాలు కలిసేటప్పుడు మాత్రమే. ఆ పనే ఈ పిల్లని ఈ కుర్చీదాకా తెచ్చింది.

ఆ గొట్టం దొరికిన మర్నాటి నుంచే నేను ప్రతి గొట్టానికీ రంగు టేపు అంటించి, పోసినప్పుడల్లా టిక్కు పెట్టడం మొదలెట్టాను. మీరేమో దాన్ని 'బాబాయి పద్ధతి' అని కొత్తవాళ్ళకి నేర్పుతున్నారు. అది పద్ధతి కాదర్రా, భయం! పొద్దున్నే బూట్లు తొడుక్కుంటూ మీ అందరి పేర్లూ వరసగా అనుకునేవాణ్ణి. ఒక్క పేరు తట్టకపోతే ఆ పూట అన్నం సహించేది కాదు. ఏంటా గొణుగుడని మా ఆవిడ అడిగితే ఫార్ములాలు అనేవాణ్ణి. అలా చూడకే, ఇంటికెళ్ళాక తిడుదువుగాని. నీకు చెప్పి ఉండాల్సింది. నువ్వు భయపడతావని కాదు, చెబితే నిజమైపోతుందని.

పోయిన వారం ధైర్యం చేసి డాక్టరు దగ్గరికెళ్ళాను. గంటన్నరసేపు బొమ్మలు గీయించాడు, మాటలు చెప్పి మళ్ళీ అప్పజెప్పించుకున్నాడు. చివరికి, "మీకే జబ్బూ లేదండీ. మనుషులన్నాక మర్చిపోతారు," అన్నాడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. అంత హాయిగా ఊపిరి పీల్చి తొమ్మిదేళ్ళయింది.

అందుకని అమ్మా, ఈ 'దూరదృష్టి' చెరిపించి 'మతిమరుపు' అని చెక్కించెయ్యి. ఏంటీ? ఒక అక్షరం ఎక్కువవుతుందట, చోటు చాలదట! (నవ్వులు) కళ్ళు తుడుచుకుంటూ కూడా లెక్క తప్పదు, నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల మరి.

ఫ్రీజరు తాళం ఇదిగో, టేబులు మీద పెట్టాను. ఇంతకాలం నన్ను భరించినందుకు, ఇవాళ ఓపిగ్గా విన్నందుకు మీ అందరికీ ధన్యవాదాలు. సెలవు.

(వేదిక దిగి, రెండు వరసలు దాటి, మళ్ళీ వెనక్కొచ్చి) జ్ఞాపిక మర్చిపోయాను. (నవ్వులు, చప్పట్లు) నవ్వండి, నవ్వండి. ఈసారి నాకు భయమెయ్యలేదర్రా. ఇక నిజంగానే సెలవు.