సారె బండి వెనక్కి పోదు

నా పేరు కర్రి లోకనాథ్. వయసు యాభై నాలుగు. ద్రాక్షారామంలో ఎరువుల కొట్టు నడుపుతాను. ఈ రోజు ఆదివారం కాలవగట్టు దారి మూసేసి గొడవ చేశామని అరటి వ్యాన్ డ్రైవర్ వీరబాబు ఫిర్యాదు ఇచ్చాడు. దాని మీద ఎస్సై గారు అడగగా ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

మా అమ్మాయి పావనిని రావులపాలెం దగ్గర పల్లెలో ఇచ్చాము. ఆమెకు ఏడో నెల. పురిటికి ఇంటికి తెచ్చుకుందామని ఈ రోజు సీమంతం సారె పట్టుకెళ్లాము. పదకొండున్నరకు వర్జ్యం. ఆలోగా సారె గుమ్మం దాటకపోతే అమ్మాయిని పంపనని వియ్యపురాలు రాణిగారు ముందే చెప్పారు. ఆవిడ మాటంటే మాటే. పెళ్లయ్యాక అమ్మాయి మా ఇంట్లో నాలుగు రోజులు నిలకడగా ఉన్నది లేదు. నా బెంగంతా అదే.

సారె సగం నా కారులో, సగం మా బావమరిది బుజ్జిబాబు కారులో సర్దాము. నా పక్కన మా ఆవిడ వీరవేణి, అతని పక్కన మా అత్తగారు. కొత్త ఫోన్ కొన్న దగ్గర్నుంచి బుజ్జిబాబుకు కళ్లు నెత్తికెక్కాయి. "బావగారూ, మా ఫోన్‌తో వచ్చిన మ్యాప్ ముందు మీది దిగదుడుపేనండి" అన్నాడు. నాది వేరే కంపెనీ ఫోన్. "ఎడమవైపు తిరగండి" అని తెలుగులో మర్యాదగా చెబుతుంది. అతనిది ఇంగ్లీషులో గదమాయిస్తుంది. ఎవరి ఫోన్ ముందు చేర్చితే అదే గొప్పదని పందెం వేసుకున్నాము. దారిలో మనుషుల్ని అడగకూడదు. వియ్యాలవారింటికి దారి నాకు తెలుసు. అయినా పందెం పందెమే కాబట్టి తెలిసిన దారి వదిలేసి ఫోన్ చెప్పిన దారి పట్టాను.

పది యాభైకి ఫోన్ నన్ను కాలవగట్టు ఎక్కించింది. దాని మీద ఒక్క కారే పడుతుంది. కొంతదూరం పోయాక "మీరు గమ్యస్థానానికి చేరుకున్నారు" అంది. చూస్తే ఎదురుగా బుజ్జిబాబు కారు. అతని ఫోన్ కూడా అదే మాట ఇంగ్లీషులో చెప్పిందట. రెండూ అబద్ధమాడలేదు. వియ్యాలవారిల్లు కనబడుతూనే ఉంది, కాలవ అవతల. వంతెనలు నా వెనక ఒకటి, అతని వెనక ఒకటి ఉండిపోయాయి.

ఎవరో ఒకరు వెనక్కి పోతే సరిపోయేది. నేను గేరు మార్చబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. "సారెతో బయల్దేరిన బండి వెనక్కి పోకూడదండి, కడుపుతో ఉన్న పిల్ల" అంది. అవతల మా అత్తగారు కొడుక్కి అదే మాట చెప్పారు. తర్వాత తల్లీకూతుళ్లు అద్దాలు దించి నువ్వు పోవే అంటే నువ్వే పోమ్మా అనుకున్నారు. నిజం చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను, నా వరకు ఆచారం సగమే. వెనక్కి పోతే నా ఫోన్ ఓడినట్టు. అతన్ని తిట్టిన మాట నిజం. అతని ఫోన్‌ని తిట్టిన మాట కూడా నిజం.

నా వెనక వీరబాబు వ్యాన్ ఆగింది. "రావులపాలెంలో వేలంపాట అయిపోద్దండి, ఆనక ఈ గెలలెవరు కొంటారు? మీ సారెకో దణ్ణం, కాస్త జరగండి బాబూ" అన్నాడు. నేను జరగలేదు. అప్పుడే అతను మీకు ఫోన్ చేశాడు.

ఈలోగా అవతలి గట్టు మీదికి అమ్మాయి వచ్చింది. వెనకే రాణిగారు. "నాన్నా, టైం అయిపోతోంది, ఏం చేస్తున్నారక్కడ?" అని అరిచింది. వీరబాబు వాళ్ల ఊరివాడే కాబట్టి అమ్మాయి అతన్ని పిలిచి, "అన్నయ్యా, ఆ బుట్టలు కాస్త ఇటు చేర్పించవా" అంది. వేసవిలో కాలవ కట్టేశారు గనుక అడుగున బురదే ఉంది. వ్యాన్‌లో ఉన్న గెలలు మోసే కూలీలు తలగుడ్డలు చుట్టి, బుట్టలు నెత్తికెత్తుకుని కాలవలోకి దిగారు. వాళ్ల వెనకే మేమూ దిగాము. వర్జ్యానికి ముందే సారె గుమ్మం దాటింది. రాణిగారు గడియారం చూసి పంపుతానన్నారు.

సీమంతం అయ్యాక అమ్మాయి మా కార్లు ఎక్కనంది. ఎక్కినా కదలవు, పురిటికి తీసుకెళ్లే బండి కూడా వెనక్కి పోకూడదట. పాట ఎలాగూ పోయింది, గెలలు మా ఊరి దారిలో ఉన్న రామచంద్రపురంలో అమ్ముకుంటానని వీరబాబు తన వ్యాన్‌ని వంతెన దాకా వెనక్కి నడిపి, కాలవ దాటించి వాళ్ల గుమ్మం ముందుకు తెచ్చాడు. ఫిర్యాదు మాత్రం వెనక్కి తీసుకోనని, అమ్మాయిని, మా ఆవిడను జాగ్రత్తగా దింపుతానని చెప్పి వెళ్లాడు. మా కార్లను మీ కానిస్టేబుల్ గారే వెనక్కి నడిపి, మమ్మల్ని ఇక్కడికి తెచ్చారు.

ఇప్పుడే ఫోన్ వచ్చింది. అమ్మాయి మా గుమ్మం ముందు అరటిగెలల వ్యాన్‌లో కూర్చుని ఉంది. నాలుగున్నరకు రాహుకాలం, ఆలోగా లోపల అడుగు పెట్టాలి. ఎదురెళ్లి దింపుకోవలసినవాణ్ణి నేను. ఇంటి తాళం నా జేబులో ఉంది. అయ్యా, కార్లూ ఫోన్లూ మీ దగ్గరే ఉంచుకోండి, నన్ను వెళ్లనివ్వండి.

ఎవరూ బలవంతపెట్టకుండా నేను చెప్పినది ఇది. చదివి వినిపించగా విన్నాను, అంతా నిజమే.

(సంతకం) కర్రి లోకనాథ్
మధ్యాహ్నం మూడు గంటలు