చక్రాలు విన్న చెవి

ఉద్యోగం ముగించి ఇంగ్లండు సీమకు వెళ్లిపోతున్న రైలు డ్రైవరు దొర అమ్మజూపిన రెండు గిటార్ల ముందు మామా అల్లుళ్లు కూర్చున్నారు. మామ ముప్పయ్యేళ్లు రైలు చక్రాలను సుత్తితో తట్టి, మోతను బట్టి పగులు పట్టినవాడు.

“ఇది జర్మనీది, అది స్పెయిన్‌ది మావా. చర్చిలో మీ అమ్మాయి సూసన్న పాట ఎనక బెంచీకి ఇనబడదు. దాని పాటకి నేను వాయించడానికి ఏది కొందాం?”

“ఉండల్లుడా, తట్టి సూడనీ... ఓలమ్మో, జర్మనీది చర్చి గంటే! ఇక్కడ నిమ్‌పురాలో తడితే అంత దూరం వాల్తేరులో లేసి కూకుంటారు.”

“స్పెయిన్‌ది?”

“తేనె! ఇలాటి చక్రం ఒకపాలి తట్టినాను. ఆ మోత ఇంటూ గార్డు జెండా ఊపడం మరిసిపోనాడు.”

“కోతలాపు మావా. ఏది మంచిది?”

“రెండూ బంగారాలే. స్పెయిన్‌ది అట్టుకెళ్లు. పిల్ల పక్కన ఒద్దికగా కూకుంటది.”

“సూసన్న గొంతు అంత సన్నమా?”

“పెళ్లికి ముందు చర్చి బయట గేటుకాడికి ఇనబడేది. అప్పుడు నువ్వు వాయించీవోడివి కాదు.”