సందేశ్ బిల్లు

ఖరగ్‌పూర్‌లోని ఖరిదా పేటలో రత్నం పిండివంటల కొట్టు. సాయంత్రం. పొయ్యి దగ్గర రత్నం, గల్లాకి ఇవతల బల్ల మీద దేముడు.

"ఫోన్లో పడిన డబ్బుకి బిల్లు రాసిన మొట్టమొదటి మనిషిని ఈ ఖరగ్‌పూర్ మొత్తం మీద నానే, రత్నం. నా కంటే ముందు ఎవులైనా రాసినారేటి, సెప్పు."

"నూనె సిట్లుతాది, బల్ల కాస్త ఎనక్కి జరుపుకో దేముడు బావా."

"జరుపుకుంటాను. జరుపుకుంటా జరుపుకుంటా ఈదిలోకే పోతాను. కుర్చీ ఆర్థర్‌కి ఏసినావట కదా."

"ఆయనకి నడుం నొప్పి."

"బుకింగ్ కిటికీ ఎనకాల ఫేను కింద కూకున్నోడికి నడుం నొప్పి. రైల్వే వర్క్‌షాపులో బోగీల కింద దూరి బోల్టులు బిగించినోడికి బల్ల. ఠీక్ హై."

"రిటైరైన మనిషి, ఊరికే వచ్చి సాయం సేస్తన్నాడు. పైసా కూడా పుచ్చుకోడు."

"పైసా పుచ్చుకోడు, పోకుండలు పుచ్చుకుంటాడు. సాసరుతో టీ పుచ్చుకుంటాడు. నాకెప్పుడైనా సాసరు ఇచ్చినావా?"

"నువ్వు సాసర్లో పోసుకుని తాగితే ఝపటాపూర్ దాకా ఇనపడతాది."

"నవ్వు, నవ్వు. నాకేటి ఏడుపు? మీ ఆయన పోయిన కాడినుంచి సాయంత్రమైతే ఈ బల్లే. ఫోన్లో డబ్బేసినోళ్ల పేరు నాను సదవడం, ఏటి కొన్నారో పొయ్యి కాడినుంచి నువ్వు సెప్పడం. సత్యవాణి అంటే నువ్వు అరిసెలనేదానివి. కాదు, ఆళ్లాయనకి షుగరు, సెక్కలే కొనుంటాదని నాను. సివరికి సెక్కలే అయ్యేవి."

"అవును. నీకున్నంత గుర్తు నాకు లేదు. కానీ ఆడిటరు బాబు, వచ్చిన ప్రతి డబ్బుకీ బిల్లుండాలంటన్నాడు. సేత్తో ఎన్నని రాస్తాం? ఆర్థర్ గారి కంప్యూటరైతే..."

"తెలుసు. బేంకు జాబితా ఇటునుంచి కూరితే అటునుంచి బిల్లులు దిగుతాయి, జంతికల గొట్టంలో పిండి కూరినట్టు."

"మరింకేటి?"

"గొట్టంలో ఏ పిండి కూరితే అదే కదా దిగుతాది. నీకు తెలీదేటి, క్లబ్బులో జరిగింది?"

"ఏ క్లబ్బులో?"

"మన నిమాయ్ దాదా క్లబ్బులో. మీటింగుకి నీ కాడ జంతికలూ పోకుండలూ కొన్నారు. ఆ బిల్లు పట్టుకెల్లమని నిన్న నా సేతికిచ్చినావు."

"ఇచ్చినాను. ఇచ్చొచ్చినావు కదా?"

"మిగతాది ఇను ముందు. దాదా కళ్లజోడు తుడుసుకుని పైకి సదివినాడు. రత్నం పిండివంటలు, ఖరిదా. సామాను, సందేశ్. అంతే. జంతికలు లేవు, పోకుండలు లేవు, ఒట్టి సందేశ్, బెంగాలోళ్ల పాలమిఠాయి. క్లబ్బంతా లేసి నిలబడిపోయింది."

"సందేశా?"

"రత్నం దీదీ సందేశ్ కూడా పంపినాదా, మరి ఎవుడు మింగినాడు అని ఒకడి మూతి ఒకడు సూసుకున్నారు. ట్రెజరర్ గారి జేబులు తడిమినారు. ఒక ముసలాయనకి నోట్లో కిళ్లీ ఉంటే, తెరిసి సూపించమన్నారు."

"అయ్యో."

"పాలు ఇరిగితే ఆ పూటంతా ఏడుస్తావు నువ్వు. నువ్వు పాలు ఇరగ్గొట్టి సందేశ్ సేస్తావా? నవ్వులే నవ్వులు. ఈ బిల్లు దించినోడు మనిషా, మేకా అన్నాడు దాదా. సందేశ్ అంటే హిందీలో కబురు. డబ్బేసినోళ్లు ఫోన్లో రాసుకునే నాలుగు ముక్కలు. అన్నేళ్లు టికెట్లమ్మిన ఆర్థర్‌కి ఆ పాటి హిందీ రాదేటి? మిఠాయి అనుకున్నాడు, గాడిద."

"గాడిదంటే ఊరుకోను బావా."

"ఎనకేసుకురా. సాసరు కూడా కడుగు."

"ఆ బిల్లు దించింది ఆర్థర్ గారు కాదు. నాను."

"నువ్వేటి?"

"ఆయన నేర్పినాడు. నాకు ఇంగ్లీషు రాదని హిందీలో పెట్టినాడు. తారీకు, పేరు, డబ్బు, ఆ పక్క గడిలో సందేశ్. పెళ్లయి వచ్చిన కాడినుంచి బెంగాలీ మిఠాయిల మిష్టి దుకాణం పక్కన కాపరం సేసినదాన్ని, సందేశ్ అంటే నాకేటి గుర్తొస్తాది? మిఠాయిల గడి కాబోలనుకుని, సామాను కింద అదే నొక్కినాను."

"అలాగా. ఆలోసిస్తే అందులో పెద్ద తప్పేటి లేదులే. తీపి తీపే కదా. గాడిదన్నది కూడా నాను కంప్యూటర్ని."

"నీ కోసమే నేర్సుకున్నాను ఇదంతా."

"నా కోసమా?"

"ఫోన్లో అక్షరాలు నీకు ఆనటం లేదు. సెప్తే బాధపడతావని ఊరుకున్నాను. మొన్న ప్రశాంత్ డబ్బేస్తే ప్రశాంతి అని రాసి, ఆ బిల్లు తీసుకెల్లి ఆళ్లావిడ సేతికే ఇచ్చినావు. ఎవులీ ప్రశాంతి, దానికి సున్నుండలు నువ్వెందుకు కొన్నావు అని ఆ ఇంట్లో రెండు పూటలు పొయ్యి ఎలగలేదు."

"ఫోన్లో అక్షరాలు సీమ తలకాయలంత ఉంటాయి మరి."

"అందుకే. అచ్చులో పెద్దగా దిగితే నీకు కనపడతాది. కంప్యూటరుకి పేరు తెలుస్తాది, డబ్బు తెలుస్తాది. ఎవులేటి తిన్నారో దానికేటి తెలుసు? అది నువ్వే కదా సెప్పాలి."

"మరి ఆర్థర్?"

"నేర్పడం అయిపోయింది. రేపటినుంచి రాడు."

"పాపం, మంచి మనిషే. రత్నం, ఒక మాట సెప్పీనా? ఫోను డబ్బుకి మొదట బిల్లు రాసింది నాను కాదు. స్టేషను కాడ టీకొట్టాయన రాస్తుంటే సూసి నేర్సుకున్నాను. ఆయన్నడిగితే ఆళ్ల బావమరిది కాడ సూసినానన్నాడు."

"నాకు అప్పుడే తెలుసు. ఆ ఫోనిలా అందుకో."

"ఎందుకు?"

"నిమాయ్ దాదాకి సేస్తాను. నలుగుర్లో నవ్వులపాలయ్యి ఊరుకుంటే కొట్టు పేరు నిలుస్తాదేటి? ఆ క్లబ్బోళ్లు మానేస్తే నా పొయ్యి సగం ఆరిపోతాది. తప్పు నాదని సెప్పుకుని కొత్త బిల్లు పంపుతాను."

"ఇప్పుడు పడుకునుంటాడు."

"ఈ ఏళప్పుడా?"

"అన్నం తిని పడుకున్న బెంగాలీ ఎప్పుడు లేస్తాడో రైల్వే టైంటేబుల్లో కూడా ఉండదు."

"రింగవుతోంది."

"ఫోను పెట్టీ, రత్నం. దాదా నవ్వలేదు."

"నవ్వలేదా? క్లబ్బంతా లేసి నిలబడిందన్నావు."

"ఎవులూ నిలబడలేదు."

"కిళ్లీ ముసలాయన?"

"ఆయన లేడు. అంటే మనిషి ఉన్నాడు, నోట్లో కిళ్లీ లేదు."

"మనిషా, మేకా అన్నది?"

"నానే. దారిలో అనుకున్నాను."

"అయితే బిల్లు సూసి దాదా అసలు ఏటన్నాడు బావా? ఉండు, ఎత్తుతున్నట్టుంది. హలో..."

"పెట్టీమంటన్నానా. సందేశ్ అని పడింది, అదొక్కటే నిజం. క్లబ్బు గుమ్మం అవతలిదంతా నాను కల్పించింది. గుమ్మం దాటనేలేదు నాను. ఆర్థర్ పరువు పోవాలనే బయలెల్లినాను గానీ, తీరా సూస్తే బిల్లు మీద ఆడి పేరెక్కడా లేదు, నీ పేరే ఉంది. ఎనక్కి తెచ్చేసినాను."